నాలుగో పాయింటు

పిడుగురాళ్లలో కంప్యూటర్ పెట్టుకోవడమంటే సున్నం బట్టీల దుమ్ముతో కాపురం చేయడమే. పొద్దున తుడిచిన కీబోర్డు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నజీమా తన జిరాక్సు షాపులో ఉన్న ఒక్కగానొక్క డెస్క్‌టాప్ మీద పాత చున్నీ కప్పి, అప్పుడప్పుడూ సీపీయూ మూత విప్పి ఫ్యాను ఊది, పసిబిడ్డను సాకినట్టు సాకేది. ఆధార్ ప్రింటౌట్లు, కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, పెళ్ళి కార్డుల డీటీపీ, దాని బతుకంతా అంతే. అలాంటి ముసలి డబ్బా నెత్తిన ఒక ఊరి కబరస్తాన్ భారం పడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆ ఊరు నజీమా మెట్టినిల్లు, నల్లగుట్టపాడు. పిడుగురాళ్లకు ఆటో దూరం. ఊరికి పడమర కబరస్తాన్, దాని వెనక సున్నపురాయి క్వారీ. మొదట్లో క్వారీ ఎక్కడో అవతల ఉండేది. రాళ్ళు పేల్చినప్పుడు ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి, అంతవరకే. తిండికి అలవాటుపడ్డ నోరు ఊరుకోదు గదా, అది ఏడాదికింత జరుగుతూ వచ్చి, ఈ వేసవిలో ఏకంగా కబరస్తాన్‌లోనే ఎర్రజెండాలు పాతింది. పడమటి కొసన ఉన్న కరోనా సమాధులు, వాటికి ఇవతల రెండు వరసల పాత సమాధులు తమ లీజులోకే వస్తాయని క్వారీ వాళ్ళు ఒక కాగితం చూపించారు. కబరస్తాన్ కమిటీ పెద్ద వసీం లబోదిబోమంటూ తాసీల్దారు ఆఫీసుకు పరుగెత్తాడు. ఇరువైపుల వాళ్ళనీ పిలిచి సర్వే చేయిస్తాం, మీ తరఫున పటం ఏదైనా ఉంటే పట్టుకు రండి అన్నారు అక్కడ.

ఆ కరోనా సమాధుల్లో ఒకటి నజీమా మొగుడు సుభానీది. క్వారీలోనే లోడింగు పని చేసేవాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు గుంటూరు ఆస్పత్రిలో పోయాడు. అంబులెన్సు ఊళ్ళోకి వచ్చేసరికి వసీం, ఇంకో నలుగురు పెద్దలు కబరస్తాన్ గేటు దగ్గర అడ్డం నిలబడి, మనవాళ్ళ సమాధుల మధ్య వద్దు, రోగం భూమిలోకి దిగుతుందంట, పడమటి కొసన తుమ్మచెట్టు కింద పెట్టండి అన్నారు. భూమిలోకి దిగుతుందని వాళ్ళకు ఎవడు చెప్పాడో దేవుడికే తెలియాలి. ఆ నలుగురి ఇళ్ళ స్లాబులకూ ఇసుక మోసినవాడు సుభానీ. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, అతనికి ఆ చారెడు కూడా దక్కలేదు. ఆ తర్వాత ఇంకో ఐదుగురు అతని పక్కనే చేరారు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు కబరస్తాన్‌లో అడుగు పెట్టరు. పోయినవాళ్ళను తలుచుకునే షబేబరాత్ నాడు నజీమా గేటు బయట నిలబడి ఫాతెహా చదువుకునేది. మామ ఇమాం సాహెబ్ లోపలికి వెళ్ళి వచ్చి, తుమ్మచెట్టు నీడ చల్లగా ఉందని, తల దగ్గర తను పెట్టిన రాయి కదలకుండా ఉందని చెప్పేవాడు. ఆయన రాళ్ళు చెక్కే మనిషి, ఆయన పెట్టిన రాయి కదలదు. తన మొగుడు ఎక్కడ పడుకున్నాడో నజీమాకు తెలిసింది ఆ చెట్టూ ఆ రాయీ మాత్రమే. అందుకే జెండాల సంగతి విన్నప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తను ఒక్కసారైనా చూడని సమాధిని క్వారీ నోట్లో పెట్టేది లేదనుకుంది.

దారి చూపించింది పూర్ణిమ. గ్రామ సచివాలయంలో సర్వేయరు, కాగితాల పని మీద షాపుకు వస్తూపోతూ ఉంటుంది. ఊరి పాత పటం నకలు తెచ్చుకుంటే, దాన్ని ఉపగ్రహం తీసిన ఫొటో మీద పరిచి హద్దులు చూసుకోవచ్చని, దానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉందని, ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి జనానికి ఊరికే ఇచ్చేస్తున్నారని చెప్పింది. ఊరికే అనేసరికి నజీమాకు అనుమానం వచ్చింది. ఊరికే వచ్చిన గేదెకు పళ్ళు లెక్కపెట్టకూడదు గానీ, ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్లు ఆమె కంప్యూటర్‌ను ఇదివరకే రెండుసార్లు పడుకోబెట్టాయి. ఇది అలాంటిది కాదక్కా, మేం ఆఫీసులో వాడేదే అని పూర్ణిమ ఒట్టేసింది.

ఎక్కించడమే ఒక యజ్ఞమైంది. ఫైలు చూస్తే సినిమా అంత ఉంది. ఫోను హాట్‌స్పాట్ పెట్టి దించుతుంటే సగంలో కరెంటు పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి దిగింది, నొక్కితే ఈ విండోస్‌లో నేను నడవను పొమ్మంది. కొత్త కోడలికి పాత ఇల్లు నచ్చనట్టు, కొత్త వెర్షనుకు పాత కంప్యూటర్ కంటికి ఆనలేదు. పూర్ణిమ వెతికి వెతికి పాత వెర్షను పెన్‌డ్రైవులో తెచ్చింది. అది కాస్త మర్యాదస్తురాలు, మూలుగుతూ తెరుచుకుంది. తెరుచుకున్నాక చూస్తే ఏముంది, తెల్లటి ఖాళీ తెర. చుట్టూ చీమల్లాంటి బొమ్మల బటన్లు. నజీమాకు గుండె జారింది. డీటీపీ నేర్చుకున్న రోజుల్లో కూడా ఇలాగే భయపడ్డానులే అని తనకు తనే ధైర్యం చెప్పుకుని ఒక్కో బటనూ నొక్కడం మొదలుపెట్టింది.

తెచ్చుకున్న పటం నకలు మడతల దగ్గర చిరిగి ఉంది. ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి అతికించింది. ఆ తర్వాత పని అర్థమైతే తేలికే. పటంలో ఒక చోటు మీద నొక్కాలి, ఆ చోటు నేల మీద ఎక్కడుందో అంకెల్లో చెప్పాలి. అలా కొన్ని పాయింట్లు ఇస్తే పటం లేచివెళ్ళి తన చోట తను కూర్చుంటుంది. మొదటిసారి అడ్డం అంకె ఉండాల్సిన గడిలో నిలువు అంకె కొట్టింది. నల్లగుట్టపాడు వెళ్ళి ఉత్తర ధ్రువం దాపుల మంచులో పడింది. పల్నాటి ఎండలకు ఊరు చల్లబడ్డం మంచిదేలే అని పూర్ణిమ నవ్వింది. నజీమా కూడా నవ్వింది. ఈ వ్యవహారం మొత్తంలో వాళ్ళు నవ్వింది అదొక్కసారే.

సరైన పాయింట్ల కోసం ఇమాం సాహెబ్ ఫోను పట్టుకుని తిరిగాడు. రోడ్డు పక్క దిగుడుబావి ఒకటి, ఊరి మొదట్లో పాత హద్దురాయి ఒకటి. మూడోది కబరస్తాన్ పడమటి మూల రాయి. పటంలో ఆ మూల స్పష్టంగా ఉంది. అక్కడ సర్వే రాయి ఉందని వసీంతో సహా ఊళ్ళో అందరూ చెప్పారు. నజీమా గేటు బయట నిలబడింది, మామ లోపలికి వెళ్ళి ఆ రాయి మీద ఫోను పెట్టి, తెర మీద వచ్చిన అంకెలను స్క్రీన్‌షాట్ తీసి తెచ్చాడు. ఫోను ఆమె చేతికిచ్చి, మొహం చూడకుండా వెళ్ళి నీడలో కూర్చున్నాడు. ఎండకేమో అనుకుంది.

మూడు పాయింట్లూ ఇచ్చి నొక్కింది. తప్పు ఎంత అన్న చోట సున్నా అని వచ్చింది. ఒక్క అడుగు కూడా కాదు, సున్నా. పటం ఉపగ్రహ చిత్రం మీద హాయిగా పరుచుకుంది. కబరస్తాన్ గీత తుమ్మచెట్టుకు అవతలగా, కరోనా సమాధులన్నిటినీ కడుపులో పెట్టుకుని సాగింది. నజీమా తెర మీద చెయ్యేసి, ఆ చెట్టు నీడలాంటి నల్లచుక్కను తడిమింది. వసీం వచ్చి చూసి, ఆ సున్నాను చూపించి, క్వారీ వాడి నోరు మూతపడుతుందమ్మా అన్నాడు. కబరస్తాన్‌లోంచి ఆమె మొగుణ్ణి అవతలికి నెట్టిన మనిషే, ఇప్పుడు ఆమె మొగుడు లోపలే ఉన్నాడని అందరికంటే ముందు మురిసిపోయాడు.

సర్వేకి ముందటి రోజు మధ్యాహ్నం పూర్ణిమ వచ్చి ఆ సున్నాను చూసి మురవలేదు. మూడు పాయింట్లతో ఎప్పుడూ సున్నాయే వస్తుందక్కా, అబద్ధం పట్టుకోవాలంటే నాలుగోది కావాలి, అంది. మూడూళ్ళు కలిసే చోటున్న పొలిమేర రాయి అంకెలు తన దగ్గరుంటే ఇచ్చింది. నాలుగోది పెట్టగానే నాలుగు చోట్లా తప్పును చూపించే ఎర్ర గీతలు లేచాయి. ఏది తప్పో తెలియలేదు. ఇంట్లో ఒకడు అబద్ధమాడితే మిగతావాళ్ళు కూడా తలా కాస్త వంగాల్సి వస్తుంది, ఇదీ అంతే. పూర్ణిమ ఇంకో రెండు రాళ్ళ అంకెలు ఎక్కించి, ఒక్కో పాయింటుకూ టిక్కు తీసి చూడమంది. బావికి తీస్తే గీతలు అలాగే ఉన్నాయి. ఊరి మొదటి రాయికి తీసినా అంతే. కబరస్తాన్ మూల రాయికి టిక్కు తీయగానే అన్ని గీతలూ ముడుచుకుపోయాయి.

పటాన్ని మళ్ళీ పరిచారు. కబరస్తాన్ మూల తుమ్మచెట్టును వదిలేసి బాగా ఇవతలికి వచ్చి ఆగింది. కరోనా సమాధులు ఆరూ గీతకు బయట. పాత సమాధుల రెండు వరసలూ లోపల. క్వారీ వాళ్ళు అడిగినదాంట్లో సగం అబద్ధం, సగం నిజం.

ఫోను తప్పేమో అని నజీమా అడిగింది. ఫోను రెండు మూడు బారలు తప్పుతుంది గానీ ఇంత తప్పదని పూర్ణిమ చెప్పింది. ఆ రాయిని ఎవరో జరిపారని కూడా చెప్పి, నజీమా మొహం చూసి, ఆఫీసులో పనుందని లేచి వెళ్ళిపోయింది.

ఇమాం సాహెబ్ అంతసేపూ షాపు మూల స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. ఆయనకు తెర మీది ఇంగ్లీషు రాదు, కానీ గీత చెట్టును వదిలి రావడం కనపడింది. నజీమా షట్టరు సగానికి దించి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మామా, ఆ రాయి జరిపింది నువ్వేనా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. బొంకలేదు.

"వాణ్ణి రాయికి అవతల పెట్టించారమ్మా. నా కొడుకుని కబరస్తాన్‌కి బయట పెట్టారు. ఆ పొద్దు అడగటానికి నాకు నోరు రాలా. తర్వాత నేను వాణ్ణి లోపలికి తేలేను గదా. అందుకని రాయినే బయటికి జరిపినా."

నలభై రోజులు గడిచాక గునపం తీసుకుని ఒక్కడే వెళ్ళాడట. రాయి పెళ్ళగించి, భుజాన వేసుకుని, కొడుకు తల దగ్గర పాతాడట. హద్దురాయీ అదే, సమాధిరాయీ అదే. అప్పటికే మిగతా ఐదుగురినీ పెట్టేశారు, ఆ తర్వాత కరోనా భయానికి ఏడాది దాకా ఎవరూ ఆ కొసకు పోలేదు, పోయినవాళ్ళకు అది మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు అనిపించింది. నజీమాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఆ సంగతి కడుపులో పెట్టుకుని, గేటు దగ్గరికి వచ్చి చెట్టు నీడ చల్లగా ఉందని తనకు చెప్పాడే అని దుఃఖం ముంచుకొచ్చింది.

"మూడు పాయింట్లే ఉంచితే కాదా అమ్మా? అప్పుడు సున్నా వచ్చింది గదా."

ఆమె కూడా అదే ఆలోచిస్తోంది. పూర్ణిమ ఇచ్చిన మూడింటికీ టిక్కులు తీసి, మూల రాయికి మళ్ళీ పెడితే చాలు, పాత బొమ్మ తిరిగొస్తుంది. కానీ రేపు సర్వేయర్లు పెద్ద యంత్రం తెస్తారు. రాయి జరిగిందని వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అప్పుడు పటమంతా దొంగపటం అవుతుంది. రాయి జరిపినందుకు ముసలాయన మీద కేసు పడుతుంది. క్వారీ వాడి కాగితమే మిగులుతుంది, జెండాల లోపలున్న పాత వరసలు కూడా పోతాయి. ఆ వరసల్లో ఇమాం సాహెబ్ భార్య ఉంది, ఆమె అత్త. మన చేత్తోనే మన రాయి తప్పని చెబితే, తెలియక జరిగిందని వదిలేస్తారని పూర్ణిమ వెళ్తూ వెళ్తూ అన్నది. ఇదంతా నజీమా ఆయనకు నెమ్మదిగా చెప్పింది.

ఇమాం సాహెబ్ తెర మీద గీతకు ఇటూ అటూ వేలు పెట్టి చూపించాడు.

"మీ అత్త ఇటు, వాడు అటు. నా వల్ల కాదు తల్లీ. నొక్కేది నువ్వే, నువ్వే నొక్కు."

నజీమా ప్రింట్ నొక్కింది. నొక్కిన వేలు తనది కానట్టు అనిపించింది ఆమెకు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమె వెనక ఉన్నది నిజంగానే గొయ్యి, క్వారీ గొయ్యి. ప్రింటరు గురగురమంటూ కాగితాన్ని బయటికి నెట్టింది. దాని మీద సున్నపు దుమ్మును ఆమె చున్నీతో తుడిచింది.

మర్నాడు సర్వే జరిగింది. కంప్యూటర్ గీత చదవగలిగింది నజీమా ఒక్కతే కాబట్టి, ఈ పూట నువ్వు లోపలికి రావచ్చులేమ్మా అని వసీం ఉదారంగా గేటు తీశాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో ఉండి, ఆమె మొదటిసారి కబరస్తాన్‌లో నడిచింది. తుమ్మచెట్టు ఫొటోలో కంటే చిన్నది. దాని కింద కుంగిపోయిన మట్టి, రాలిన తుమ్మకాయలు, తల దగ్గర రాయి. రాయి మీద సర్వే వాళ్ళు చెక్కిన పాత గుర్తు అవతలివైపుకు తిరిగి ఉంది. నిలబడి చూసే తీరిక కూడా లేదు, అధికారులు పిలుస్తున్నారు.

యంత్రం చూపించినదానికీ ఆమె పటానికీ కొద్ది అడుగుల తేడా వచ్చింది. ఎవరు చేశారమ్మా ఇది, బాగుంది అన్నాడు పెద్ద అధికారి. రాయి ఎవరు జరిపారని అడిగాడు. కరోనా రోజుల్లో తెలియక జరిగిందని నజీమా చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు. క్వారీ మేనేజరు పాత సమాధుల మధ్య పాతిన జెండాలను మారు మాట్లాడకుండా పీకించాడు. వాడికి కష్టమేముంది? మిగిలిన నేల ఇక వాడిదే, అడిగేవాడు లేడు. ఆమె పటం నకలు ఒకటి మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

వసీం ఆమె దగ్గరికి వచ్చి, ఊరి పరువు నిలబెట్టావమ్మా అన్నాడు. మిగతా ఐదిళ్ళ వాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఎముకలు తీసి లోపల పెట్టుకోవచ్చా అని వాళ్ళలో ఒకరు అడిగితే, సమాధి తవ్వడం పాపమని, అయిందేదో అయిందని సర్దిచెప్పి, ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.

"తలకొచ్చింది తలపాగాతో పోయింది. అట్టా అనుకోవాల."

ఆ తలపాగా పేరు సుభానీ. ఆ మాట ఆయన మొహానే అందామని నజీమాకు నోటిదాకా వచ్చింది. ఆమె గీసిన గీత లోపల ఆయన తాత ముత్తాతలందరూ చల్లగా ఉన్నారు. ఆయన బయట పెట్టించిన మనిషి మాత్రం బయటే ఉన్నాడు, ఈసారి కాగితం సాక్షిగా.

రాయిని అసలు చోట తిరిగి పాతాలన్నారు. కూలీ కోసం వసీం చుట్టూ చూస్తుండగానే ఇమాం సాహెబ్ గునపం అందుకున్నాడు. వద్దు మామా అని నజీమా అన్నది. ఆయన వినలేదు. తను పాతిన రాయిని తనే పెళ్ళగించాడు. పాతేటప్పుడు గట్టిగానే పాతాడు, తేలిగ్గా రాలేదు. భుజానికెత్తుకుని, కొడుకు పాదాల పక్కగా తప్పుకుని, తూర్పు వైపు నడిచాడు. ఆమె ఫోను చూస్తూ ముందు నడిచింది.

"ఇంకొంచెం ఇటు, మామా."

"ఇక్కడా?"

"ఇంకా ఇటు."

ఒక్కో అడుగుకూ కొడుకు వెనకబడుతున్నాడు. ఆమె ఆగింది.

"ఇక్కడేనా తల్లీ?"

"ఆ. ఇక్కడే."

ఆయన రాయి దించి, గుంట తవ్వి, నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కాడు. సుభానీ తల దగ్గర ఖాళీ గుంట ఒకటి మిగిలింది.

వానాకాలం దాటేలోపు క్వారీ తుమ్మచెట్టును దాటింది. పేల్చిన రోజు ఇమాం సాహెబ్‌ను నజీమా ఇంట్లో ఉండనివ్వలేదు, షాపుకు తీసుకొచ్చి కూర్చోబెట్టుకుంది. చప్పుడు పిడుగురాళ్ల దాకా రాలేదు.

సర్వే అయిన సాయంత్రమే ఆమె తన పటంలో ఒక చుక్క పెట్టింది. రాయి మీద మామ ఫోను పెట్టి తెచ్చిన అంకెలు ఉన్నాయిగదా, పటానికి తప్పయినవి, మనిషికి మాత్రం సరైనవి. చుక్క పక్కన సుభానీ అని తెలుగులో కొట్టింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఇమాం సాహెబ్ ఆటో ఎక్కి షాపుకు వస్తాడు. ఆమె క్యూజీఐఎస్ తెరుస్తుంది. అది మూలుగుతూ తెరుచుకునే దాకా ఇద్దరూ ఎదురుచూస్తారు. ఆ ఉపగ్రహ చిత్రం పాతది. అందులో తుమ్మచెట్టు ఇంకా ఉంది, దాని కింద నీడ కూడా ఉంది.

"ఈ ఫొటో ఎప్పుడు మారుస్తారమ్మా వాళ్ళు?" అని ఆయన మొదటివారమే అడిగాడు.

"తెలవదు మామా. ఎప్పుడో ఒకప్పుడు మారుస్తారు."

"అయితే అందాకా వస్తా."

ఇన్నేళ్ళూ ఆమె గేటు బయట నిలబడి చదివింది. ఇప్పుడు ఆయనకూ బయటే మిగిలింది. ఆయన టోపీ సర్దుకుని, మానిటరు ముందు రెండు చేతులూ ఎత్తి ఫాతెహా మొదలుపెట్టాడు. నజీమా తెర మీది సున్నపు దుమ్ము తుడిచి, పక్కన నిలబడి తనూ చదువుకుంది. ఆధార్ జిరాక్సు కోసం ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడితే, కాసేపు ఆగమని చేత్తో చెప్పింది.